గొంతు జీరబోయిన చోట

ముందు ఇంకా చాలా కార్లున్నాయి, ఉండనీ, ఇవాళ నాకు తొందర లేదు, గ్రాండ్ రివర్ రోడ్డు మీద ఈ కార్‌వాష్ ముందు చీకటి పడేదాకా ఆగమన్నా ఆగుతాను, రేడియోలో ఆ పాట వచ్చేదాకా నన్ను ఎవరూ కదలమనకపోతే చాలు. మార్చి నెల. చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు కారు ఒళ్ళంతా తెల్లగా పేరుకుపోయింది. ఇవాళే కాస్త ఎండ కాసింది, దాంతో డెట్రాయిట్‌లో సగం జనం కార్లు కడిగించుకోడానికే బయల్దేరినట్టున్నారు. ఉప్పు అలాగే వదిలేస్తే రేకు తినేస్తుంది జయంతీ, కాస్త వాష్ చేయించుకురా, అన్నాడు మా ఆయన జగదీష్ పొద్దున. కార్ల కంపెనీలో ఇంజనీరు కదా, తుప్పంటే అతనికి భయం, ఈ మధ్య ఉద్యోగాలు తీసేస్తున్నారన్న మాట అంతకన్నా భయం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇంటినిండా ఫ్రెండ్సున్నారు, పేకాట, లే-ఆఫ్‌ల గురించి మాటలు, ఆ గోలలో పాట ఏం వినబడుతుంది. అందుకే ఇక్కడిదాకా డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను. ఈ కార్‌లో ఆ స్టేషన్ బాగా పలుకుతుంది. నేను బయల్దేరుతుంటే అత్తయ్యగారు కూడా శాలువా కప్పుకుని, సాక్సుల మీద చెప్పులేసుకుని, ఏమీ అనకుండా వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు. ఎక్కడికని అడగలేదు. ఆవిడ ఏమీ అడగరు ఈ మధ్య.

మధ్యాహ్నం మూడు దాటాక వేస్తానని రేడియోవాడు నిన్ననే చెప్పాడు, మన ఊరి మనిషి, వర్నెల్ హాడ్జ్, కొత్త పాట, ఇంతవరకు ఎవరూ వినలేదు, అని. ఎవరూ వినలేదన్నాడు గానీ నేను విన్నాను, ఒకసారి కాదు, రెండు రకాలుగా విన్నాను. ఆ రెండిట్లో ఏది రికార్డు మీదికి ఎక్కిందో నాకు తెలీదు. పాడిన వర్నెల్‌కీ తెలీదు. తెలుసుకోవాలని లేదంది తను, అలా అనడం కూడా సరిగ్గా అనలేదు, గొంతు లేదుగా, పెదాలు కదిపింది, వాటిని చూసి నేను అర్థం చేసుకున్నాను. ఒకవేళ ఆ రెండోది పారేసి ఉంటే, ఎవరి పక్కనో కూర్చుని ఆ సంగతి తెలుసుకోవడం తన వల్ల కాదంది. ఇవాళ ఇంట్లో ఒక్కతే ఉంటానంది. కారు ఒక్క అడుగు ముందుకు కదిలింది. రేడియోలో ఇంకేదో పాట, గాజు గ్లాసులు గలగలలాడినట్టు, ఇది కాదు.

వర్నెల్ మొదటిసారి నా గదిలోకి వచ్చినప్పుడు నేను హాస్పిటల్‌లో పనికి చేరి ఎన్నాళ్ళో కాలేదు. మాట పోయినవాళ్ళకి మాట తెప్పించడం నా ఉద్యోగం, మైసూరులో చదివాను, ఇక్కడికొచ్చాక మళ్ళీ చదివాను, అయినా నా ఇంగ్లీషు విన్న పేషెంట్లు కొందరు, ఈవిడా మాకు మాట నేర్పేది అన్నట్టు చూసేవాళ్ళు. వర్నెల్ అలా చూడలేదు. పెద్ద మనిషి, స్కూల్ క్యాంటీన్‌లో పిల్లలకి వడ్డించే ఉద్యోగం, ఆ తెల్ల యూనిఫాంలోనే వచ్చింది, మెడ మీద ఆపరేషన్ మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. థైరాయిడ్ గడ్డ తీశారు. గడ్డ గొంతు నరాన్ని చుట్టుకుని ఉందట, నరం దక్కలేదు, అందులో ఎవరి తప్పూ లేదు. కుర్చీలో కూర్చుని గాలితో అడిగింది, నా గొంతు తెచ్చి ఇచ్చేది నువ్వేనా, అని. మాట్లాడటానికి సరిపడా తెస్తానన్నాను. ఆవిడ, మాటలతో నాకేం పని బేబీ, నేను పాడతాను, అంది. పడుచుతనంలో ఎవరెవరి పాటల్లోనో వెనక నిలబడి ఊఊ అని పాడిందట, ఆ పాటలన్నీ అందరికీ తెలుసు, ఈవిడ ఎవరికీ తెలీదు. ఆదివారం చర్చిలో పాడేది. సొంతంగా ఒక్కటంటే ఒక్క పాట, అది పాడకుండా ఎలా పోను, అంది. నా పేరు నోరు తిరగక ఆ రోజు నుంచి నన్ను జే అని పిలిచింది. పిలిచింది అంటే, ఊదింది.

గొంతులో రెండు చిన్న తెరలుంటాయి, రెండూ ఒక్కటిగా కదిలితే ఒక్క స్వరం. ఆవిడకి ఎడమది చచ్చుబడింది. కుడిది పాపం దానికోసం గీత దాటి వచ్చి తాకాలి, అది రావడం నేర్పాలి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని నెడుతూ ఆ అనమనేదాన్ని, మా అనమనేదాన్ని, నా అనమనేదాన్ని. నెలలు గడిచాక స్వరం వచ్చింది, కానీ కాస్త పైకి పోయిందంటే రెండు తెరలూ రెండు దారులు పట్టేవి, ఒకే నోట్లోంచి ఒకేసారి రెండు స్వరాలు, ఒకటి పైన, ఒకటి కింద, కింది దాంట్లో ఇసుక రాలుతున్నట్టు ఒక గరుకు. దానికి మా పుస్తకాల్లో పేరుంది, మందు లేదు. పైకి పోవద్దు మిస్ హాడ్జ్, ఈ గీత దాకానే మీ ఇల్లు, ఆ పైది మీది కాదు, అని ఎన్నిసార్లు చెప్పానో. మా బందరులో, మా ఇంట్లో, గొంతు అంటే కడిగిన గాజులా ఉండాలి, అపస్వరం అంటే మా అమ్మకి ఎంగిలితో సమానం, పక్కింట్లో ఎవరైనా శ్రుతి తప్పితే కిటికీ మూసేసేది. నేను ఆ ఇంట్లోంచి వచ్చిన మనిషిని. అందుకే కాబోలు ఆ రెండో స్వరం వినబడినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించేది, ఆపండి ఆపండి అనేదాన్ని.

ఆవిడ మా, నా అనమంటే ఊరికే అనేది కాదు. వాటికి ఒక వరస పెట్టేసేది. వారం వారం ఆ వరస పెరిగింది, ఒకరోజు దానికి మాటలు కూడా వచ్చాయి. ఏమిటిది అనడిగితే, వెండెల్ అంది. మొగుడు. ఫౌండ్రీలో పనిచేసేవాడట, ఇంటికి రాగానే గరాజ్‌లోకి పోయి పాత కారు కింద దూరేవాడు, ఈవిడ వంటింటి కిటికీలోంచి పిలిచేది, లోపలికి రా వెండెల్, చల్లారిపోతోంది, అని. ఆపరేషన్‌కి ముందు సంవత్సరం గుండె ఆగి పోయాడు. ఇప్పటికీ పొయ్యి ఆపేసి కిటికీ దగ్గరికి పోతాను జే, నోరు తెరుస్తాను, అప్పుడు గుర్తొస్తుంది, రెండూ లేవని, వాడూ లేడు, పిలవడానికి గొంతూ లేదు, అంది. పాటలో ఉన్నది కూడా అంతే, ఇంకేమీ లేదు, ఒక ఆడమనిషి మొగుణ్ణి అన్నానికి పిలవడం. మొదటి చరణంలో మామూలుగా పిలుస్తుంది, రెండో చరణంలో కాస్త కోపంగా, మూడోదాంట్లో ఆకాశం దాకా. ఆ మూడోది నేను వద్దన్నాను. కిందనే ముగించేలా మార్చుకుంటేనే రికార్డింగ్‌కి సరేనన్నాను. సరేనంది.

అత్తయ్యగారు కిటికీ అద్దం మీద వేలితో ఏదో గీస్తున్నారు. చలిగా ఉందా అత్తయ్యగారూ అంటే తల అడ్డంగా ఊపారు. హనుమకొండ నుంచి వచ్చి ఇన్నాళ్ళయింది, మామయ్యగారు పోయిన నెలకే జగదీష్ వెళ్ళి తీసుకొచ్చాడు, వచ్చినప్పటి నుంచి మామయ్యగారి పేరు ఆవిడ నోట ఒక్కసారి రాలేదు. ఏడవలేదు కూడా. వంట చేస్తారు, బట్టలు మడతపెడతారు, కిటికీ దగ్గర కూర్చుని మంచు చూస్తారు. అమ్మని కాస్త మాట్లాడించు జయంతీ, నీ పని అదే కదా అంటాడు జగదీష్. నా పని గొంతు వరకే, దాని కింద ఉన్నది నాకెవరు నేర్పారు. ముందున్న ఎర్ర కారు కదిలింది, నేనూ కదిలాను, ఇంకో నాలుగో ఐదో ఉన్నాయి. రేడియోలో టైరుల కొట్టు అడ్వర్టయిజ్‌మెంటు.

పాట రికార్డు చేసింది ఆర్గన్ వాయించే ఎల్డ్రిడ్జ్ స్టూడియోలో, అది స్టూడియోలా ఉండదు, ఒకప్పుడు పళ్ళ డాక్టరు క్లినిక్ అట, గోడలకి పాత తివాచీలు, కోడిగుడ్ల అట్టలు, నేల మీద కుర్చీ బిగించిన మేకులు ఇంకా అలాగే ఉన్నాయి. జులై నెల. మైకులో చప్పుడొస్తుందని ఫ్యాన్ ఆపేశారు, డ్రమ్స్ అతను, గిటార్ అతను చొక్కాలు విప్పేసి కూర్చున్నారు, ఎల్డ్రిడ్జ్ మాత్రం ముసలాయన, కోటు వేసుకుని ఆర్గన్ ముందు, చెమట గడ్డం మీంచి దాని మీటల మీద పడుతోంది. వర్నెల్ నన్ను తన ఎదురుగా కూర్చోబెట్టుకుంది, నువ్వు కనబడితే గీత గుర్తుంటుంది, అంది. మొదటిసారి చక్కగా పాడింది. నేను నేర్పిన ఊపిరి, నేను నేర్పిన ఎత్తు, చివర చరణం కిందనే, బుజ్జగిస్తున్నట్టు, ఒక్క గరుకు లేదు. నాకు కళ్ళు తడిశాయి, గర్వం, ఇంకేమిటి. అందరూ బాగుందన్నారు. షికాగో రికార్డు కంపెనీ నుంచి వచ్చిన మనిషి లేచి టై సర్దుకున్నాడు, అయిపోయింది, ఇదే, అన్నాడు. అప్పుడు వర్నెల్, ఇంకొక్కసారి, అంది. నా వైపు చూడలేదు. కళ్ళు మూసుకుంది.

రెండు చరణాలు అలాగే పాడింది. మూడోదాంట్లో పైకి పోయింది. లోపలికి రా వెండెల్ అన్న చోట, నేను ఏ గీత గీశానో ఆ గీత మీద కాలు పెట్టి, దాటి, అక్కడ గొంతు జీరబోయి రెండుగా చీలిపోయింది, పైదొకటి, కిందిదొకటి, నాకు ఆ గదిలో భయమేసింది, ఆపండి అనబోయాను. క్లినిక్‌లో నేను తుడిచేయాలనుకున్న ఆ గరుకే, అదే జబ్బు, కానీ ఇక్కడ అది ఏదో చెబుతోంది. కిటికీలోంచి పిలుస్తున్నది ఒకరు, గరాజ్ చీకట్లో నిలబడి ఆ పిలుపు వింటున్నది ఇంకొకరు అన్నట్టు, లేదు, అలా కూడా కాదు, నేను ఎలా చెప్పినా అది కాదు. డ్రమ్స్ అతను కొట్టడం మర్చిపోయాడు. ఆ ఖాళీలో ఆవిడ ఒక్కతే మిగిలింది. తర్వాత ఆర్గన్ మెల్లగా వచ్చి ఆవిడ్ని కిందికి దింపుకుంది. ఎల్డ్రిడ్జ్ ఆర్గన్ మీంచి చేతులు తీసి నా వైపు తిరిగి, నువ్వు డాక్టరువి, చెప్పు, ఇది జబ్బా, పాటా, అని అడిగాడు. నేను డాక్టర్ని కాదు. రేపటికి ఈవిడకి గొంతు ఉండదు, అన్నాను, నాకు తెలిసిన నిజం అదొక్కటే. వర్నెల్ నవ్వింది, చెమట తుడుచుకుంది, ఉన్నదంతా అక్కడ పెట్టేశాను జే, ఇంక దాచుకుని ఏం చేస్తాను, అంది. ఆ మాటలే చివరివి, స్వరంతో. తెల్లారేసరికి గాలి మాత్రమే మిగిలింది. ఆకురాలే కాలం అంతా చూశాం, డాక్టర్లు చూశారు, ఇక రాదన్నారు.

షికాగో ఆయన మొదటిదే కావాలన్నాడు, రెండోది వింటే జనం రేడియో చెడిపోయిందనుకుంటారని. ఎల్డ్రిడ్జ్ రెండోదే అన్నాడు. శీతాకాలమంతా పోట్లాడుకున్నారట. ఎవరు నెగ్గారో చెప్పలేదు, రికార్డు ఇంకా కొట్లకి రాలేదు, మొదటి కాపీలు రేడియోకే పోయాయి. రెండూ మొదట ఒకేలా ఉంటాయి, మూడో చరణం వచ్చేదాకా ఏది ఏదో తెలీదు.

ఎర్ర కారు కడిగే సొరంగంలోకి పోయింది. ఇప్పుడు నా వంతు. ముందు బోర్డు, ఏంటెనా దించండి, గేర్ వదిలేయండి, బ్రేక్ తొక్కొద్దు. తువ్వాలు భుజాన వేసుకున్న మనిషి, జుట్టు నెరిసింది, రమ్మని చేయి ఊపుతున్నాడు. సరిగ్గా అప్పుడే రేడియోవాడు, సరే, మీకు చెప్పానుగా, వర్నెల్ హాడ్జ్, కమ్ ఇన్, వెండెల్, అన్నాడు, ఆర్గన్ మొదలైంది, ఎల్డ్రిడ్జ్ ఆర్గన్. ఏంటెనా దించితే పాట పోతుంది, నేను బ్రేక్ తొక్కాను. ఆ పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చి, ఏంటెనా మేడమ్, అన్నాడు. అద్దం దించి, ప్లీజ్ సర్, ఈ ఒక్క పాట, అన్నాను. వెనక ఎవరో హారన్ కొట్టారు, ఇంకొకరు కొట్టారు. ఆయన వెనక్కి చూసి మళ్ళీ నన్ను చూశాడు, ఏం కనబడిందో నా మొహంలో, అలాగే నిలబడిపోయాడు. మొదటి చరణం. మామూలు పిలుపు. వంటింటి ఆవిరి కూడా వినిపిస్తోంది దాంట్లో. హారన్లు. రెండో చరణం, ఆ కాస్త కోపం, ఆయన పెదవి ఒక పక్కకి నవ్వింది, ఆ కోపం తనకి తెలిసినట్టుంది. వెనక హారన్ ఒకటి ఆగింది. మూడో చరణం మొదటి మాట కిందనే ఉంది, కిందనే, అయ్యో మొదటిదే వేశారు, శుభ్రంగా ఉన్నదే వేశారు, నేను నేర్పిందే, అనుకుంటుండగానే గొంతు లేచింది.

లేచింది, గీత దాటింది, చీలింది. ఉంది. పారేయలేదు. ఆ జీర అలాగే ఉంది, డ్రమ్స్ అతను మర్చిపోయిన దెబ్బ కూడా అలాగే, ఆ ఖాళీ, ఆ ఖాళీలో ఆవిడ. హారన్లు లేవు. వెనక కార్లవాళ్ళు ఒక్కొక్కళ్ళే అద్దాలు దించుతున్నారు, ఇంత చలిలో, వాళ్ళ రేడియోల్లోనూ అదే, ముందు ఒకటి, దాని వెనక ఇంకొకటి, వరసంతా ఆ ఒక్క పిలుపు నిలబడి ఉంది గ్రాండ్ రివర్ మీద. అవతల సొరంగం చివర కార్లు తుడిచేవాళ్ళు తువ్వాళ్ళు పట్టుకుని తుడవడం ఆపేశారు. పెద్దాయన నా కారు పైకప్పు మీద చెయ్యి ఆనించి తల వంచుకున్నాడు. పాట అయిపోయింది. రేడియోలో ఏమీ లేదు, రేడియోవాడి ఊపిరి మాత్రం వినిపించింది. మళ్ళీ వేస్తున్నాను, అన్నాడు, అంతే, వేసేశాడు. పెద్దాయన తల ఎత్తి, ఎవరావిడ, తెలుసా మీకు, అనడిగాడు. నేను నేర్పింది ఈ పాటలో రెండు చరణాల వరకే, అందామనుకున్నాను. తెలుసు, స్కూల్ క్యాంటీన్‌లో వడ్డిస్తుంది, అన్నాను. ఆయన తల ఊపాడు, అయితే చాలామందిని అన్నానికి పిలిచి ఉంటుంది, అన్నాడు.

కారు పక్కకి తీసి, కార్‌వాష్ ఆఫీసు గోడకున్న ఫోను దగ్గరికి పరిగెత్తాను, వర్నెల్ నంబరు తిప్పాను. ఎంగేజ్. మళ్ళీ తిప్పాను. ఎంగేజ్. ఊళ్ళో ఎంతమంది చేస్తున్నారో, మాట్లాడలేని మనిషికి, ఆవిడ తీసి చెవి దగ్గర పెట్టుకుని వింటోంది కాబోలు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని, తనకి ఒక్క మాట అనే పని లేకుండా. అలా అనుకోగానే ఫోను పెట్టేశాను. నాకూ చెప్పడానికి ఏముంది. నేను చేయాల్సిందల్లా ఆవిడ గొంతు కాపాడటం, అది చేయలేకపోయాను, చేసి ఉంటే ఇది ఉండేది కాదు, ఈ రెండు సంగతులనీ ఒక్క తలలో ఎలా పెట్టుకోవాలో నాకు తెలీదు, పెట్టుకోకుండా ఉండటమూ తెలీదు. గాలికి కళ్ళు మండాయి.

కార్‌లోకి వచ్చేసరికి రెండోసారి వేసిన పాట మూడో చరణంలో ఉంది. అత్తయ్యగారు ముందు సీటు వీపు పట్టుకుని వంగి కూర్చున్నారు, రేడియో దగ్గరగా.

"ఆమె ఎవర్ని పిలుస్తున్నదే?"

"భర్తని అత్తయ్యగారూ. అన్నానికి."

"వస్తడా?"

"లేడు. పోయాడు."

ఆవిడ వెనక్కి వాలారు. పాట అయిపోయింది. పెద్దాయన ఇంకో కారు ఆపి నన్ను ముందు రమ్మన్నాడు, ఏంటెనా తనే దించాడు, గేర్ వదిలేశాను, కింది గొలుసు మమ్మల్ని పట్టుకుని మెల్లగా లోపలికి లాక్కుపోయింది. చీకటి, సబ్బు నురుగు అద్దాలన్నీ మూసేసింది, నాలుగు పక్కలా నీళ్ళ హోరు, రేడియోలో ఉత్త గర్‌ర్‌మనే చప్పుడు, కట్టేశాను. ఆ హోరులో వెనకనుంచి వినబడింది.

"మీ మామ ఒక్క పిలుపుకు ఎన్నడు రాలే బిడ్డా."

నేను తిరగలేదు. తిరిగితే ఆగిపోతారేమోనని అద్దంలోకి కూడా చూడలేదు.

"మూడు సార్లు పిలవాలె. వచ్చి కూసున్నంక మళ్ళ పేపర్ పట్టుకుంటడు. చారు చల్లగున్నది అంటడు. చల్లగ ఉండక ఏమైతది, నువ్వు వచ్చినవా పిలిచినప్పుడు."

బ్రష్షులు కారు మీంచి దొర్లుతున్నాయి, ఆవిడ గొంతు హెచ్చించి చెబుతున్నారు, ఆ మనిషికి పచ్చిమిరపకాయ పడదని, అయినా రోజూ కావాలనేవాడని, వానాకాలంలో ఒకసారి అలిగి గడప మీదే తిన్నాడని, తర్వాత ఏమయిందంటే, అంటున్నారు, అంటూ మధ్యలో నవ్వారు, ఆ నవ్వు సగంలో జీరబోయింది, పర్వాలేదు, ఆపమని నేను అనను. వెలుతురు వచ్చింది. తువ్వాళ్ళ వాళ్ళు అద్దాలు తుడుస్తున్నారు, ఉప్పంతా పోయి కారు నల్లగా మెరుస్తోంది. బయటికి తీసి గ్రాండ్ రివర్ రోడ్డు అంచుకి తెచ్చాను. ఇంటికి ఎడమకి పోవాలి. అత్తయ్యగారు మామయ్యగారి పెళ్ళినాటి కోటు గురించి మొదలుపెట్టారు, నేను కుడికి తిప్పాను.